మా కొట్టానికి రాని దూడ

ఆ వసంతంలో మా లోయలో ఏ కొట్టంలోకి తొంగిచూసినా మినెషిగె దూడే. పక్కింటి ఫుమి వదినకి కోడెదూడ, వంతెన అవతల వాళ్లకి పెయ్య, ఆవుల్లో ఓనమాలు రాని బడిపంతులు మామగారికి సైతం ఒకటి. మా కొట్టంలో తప్ప. ఆ మినెషిగె ఆబోతు పుట్టిందే మా కొట్టంలో. దానికి ఆ పేరు పెట్టింది నా మొగుడు. మొదటి కుడితి తాగించింది నేను. ఊరందరికీ దాని సంతానం దక్కింది, మాకు మాత్రం ఒక్కటి లేదు.

నా పేరు కినుయె. ఈ తజిమా కొండల్లోనే, రెండు లోయల అవతల పుట్టాను. మావి మంచు ఎక్కువ, మడి తక్కువ ఊళ్లు. చలికాలం రాగానే మగవాళ్లు దక్షిణాది సారా బట్టీల్లో పనికి పోతారు, మంచు కరిగాక తిరిగొస్తారు. ఆడవాళ్లం ఇంట్లో ఉండి ఆవుని చూసుకుంటాం. ఇంటికి ఒకటో రెండో, అంతకు మించి ఉండవు. కొట్టం ఇంటి కప్పు కిందే, వంటగదికి ఆనుకుని ఉంటుంది. ఏడాదికో దూడ, ఆ దూడ సంతలో తెచ్చిన డబ్బు మీద ఏడాది. కొనుక్కున్నవాళ్లు దాన్ని రెండేళ్లు మేపి మాంసానికి ఇస్తారు. మేం పెంచినదాన్ని మేం తినం. తినాలని కూడా అనిపించదు.

మా ఇంట్లో ఆవుల పెత్తనమంతా మా అత్త సెత్సుది. చౌక దూడని ఈనినా ఖరీదైన దూడని ఈనినా ఆవు తినే గడ్డి ఒక్కటే, కాబట్టి ఒక్క చూలు కూడా వృథా పోకూడదు అనేది ఆవిడ సిద్ధాంతం. ఎదకొచ్చిన ఆవుకి ఏ ఆబోతు వీర్యం సూది వేయించాలో ఆవిడే చెప్పేది. ఊళ్లో మగవాళ్లు కూడా ఆవిడని అడిగిగానీ సూది వేయించేవాళ్లు కాదు. ఆవిడకి ఎదురు చెప్పే ధైర్యం ఒక్కడికే ఉండేది. ఆవిడ కొడుకు, నా మొగుడు తమోత్సు.

ఒక వేసవిలో మా హత్సు ఎదకొచ్చింది. సూదులు వేసే సెంజి మోటారు సైకిలు మీద వచ్చి, వెనకాల కట్టిన, వీర్యం గడ్డకట్టించి దాచే డబ్బా విప్పుతున్నాడు.

"ఏది వేయమంటావు పెద్దమ్మా?" అన్నాడు.

"ఒడ్డూ పొడుగూ ఉన్నదానిది వెయ్యి. ఊరంతా వేయించుకుంటున్నారే, అదే," అంది అత్త.

"వద్దు సెంజీ," అన్నాడు తమోత్సు. "ఆ పాత ఆబోతుది ఉందా? చచ్చిపోయిందే, చిన్నపాటిది. దాని సూదులు ఇంకా మిగిలాయా?"

"ఉన్నాయిలే అడుగున. అడిగినవాడు లేడు."

"ఎందుకడుగుతాడు? మతిలేనివాడైతే తప్ప!" అత్త లేచింది. "దాని దూడలు మేకపిల్లల్లా ఉంటాయి. సంతలో డబ్బు తూకానికిరా."

"మన హత్సు చర్మం చూడమ్మా. రెండు వేళ్లతో పట్టుకుంటే తడిగుడ్డలా లేస్తుంది. దీనికీ దానికీ జోడీ కుదిరితే లోపల మంచు పడుతుంది."

ఎర్రటి మాంసం నిండా కొవ్వు సన్నగా చిలకరించినట్టు పరుచుకోవడాన్ని మా వైపు మంచు పడటం అంటారు. తినేవాడి నోట్లో అది వెన్నలా కరగాలి. కానీ అప్పటికి దానికి పలికే ధర అంతంతమాత్రం. కిలోలే రాజ్యమేలేవి.

"లోపల ఏం పడుతుందో నువ్వు దూరి చూశావా?" అంది అత్త.

"కొనేవాడు బయట చూస్తాడు. తినేవాడు లోపలే కదా చూసేది."

"నీకు సారా కాయడం తెలుసు. ఆవుల సంగతి నీకేం తెలుసురా!"

సెంజి ఇద్దరి మొహాలూ మార్చిమార్చి చూశాడు. తమోత్సు నవ్వి, వాడి చేతిలోంచి డబ్బా మూత లాక్కుని, "అడుగున ఉన్నదే తియ్యి," అన్నాడు. అత్త నెలరోజులు కొడుకుతో ముక్తసరిగా తప్ప మాట్లాడలేదు. నన్ను మాత్రం ఎప్పటికంటే ఎక్కువ తిట్టింది. అత్త మీద కోపం దుత్త మీద అంటారు. మా ఇంట్లో కొడుకు మీద కోపం కోడలి మీద.

మరుసటి వసంతంలో తమోత్సు బట్టీ నుంచి వచ్చిన వారానికే హత్సు ఈనింది. కోడెదూడ. నిజంగానే చిన్నది. అత్త తొంగిచూసి, "నేను చెప్పలా?" అని వెళ్లిపోయింది. తమోత్సు దాన్ని ఒళ్లో పెట్టుకుని గడ్డితో తుడుస్తూ, మినెషిగె, మినెషిగె అని పిలిచాడు. కొండశిఖరం మీద దట్టంగా పెరిగిన అడవి అని దాని అర్థం. ఆ దూడని చూస్తే నాకు నవ్వొచ్చింది.

శరత్కాలంలో పశువుల కేంద్రం నుంచి పెద్దలొచ్చారు. ఏటా వచ్చి, లోయలోని కోడెదూడల్లోంచి ఆబోతుగా నిలపదగినవి ఏరుకుపోతారు. ఏరనివాటికి వృషణాలు తీసేసి సంతకి తోలాల్సిందే. వాళ్లు మినెషిగె వీపు నిమిరారు, సుళ్లు చూశారు, కొమ్ము మొదలు గోటితో గీకారు, చర్మం పట్టుకుని లాగారు. లాగినవాడు పక్కవాడి చెయ్యి పట్టుకుని అక్కడ పెట్టాడు. ఆ పక్కవాడు ఇంకొకడి చెయ్యి. అంతే, మా మేకపిల్లని ఎంచేశారు. లారీ ఎక్కించేటప్పుడు అది మొరాయిస్తే తమోత్సు తనే ఎక్కి, కేంద్రం దాకా దాని పక్కనే కూర్చుని వెళ్లాడు. మర్నాడు తిరిగొచ్చి, "కినుయే, వాడికి అక్కడ కిటికీ ఉన్న గాడి ఇచ్చారే," అని సంబరపడ్డాడు.

ఆ చలికాలం బట్టీలో సారా పులుస్తున్న పెద్ద తొట్టిలోకి తెడ్డు జారిపడితే తియ్యడానికి వంగాడట. తొట్టి లోపల, సారా మీద ఊపిరాడని గాలి పేరుకుని ఉంటుంది. అనుభవం ఉన్నవాడే. అయినా వంగాడు. మంచులో దారులు మూసుకుపోయి, మనిషి మా ఇంటికి బూడిదగా చేరేసరికి చాలా రోజులు పట్టింది.

అత్త ఏడవలేదు. కబురొచ్చిన రోజు కూడా కుడితి వేళకి హత్సుకి కుడితి పెట్టింది. ఆవిడని చూసి నేనూ ఏడుపు మింగాను. ఆవిడ కళ్లముందు ఏడవడానికి నాకు రోషం అడ్డొచ్చింది. మాకు పిల్లల్లేరు. పుట్టింటికి పోతావా అని ఆవిడ అడగలేదు, పోతానని నేను అనలేదు. ఒకే పొయ్యి దగ్గర, ముల్లంగి ఊరగాయ ఒకరికొకరు జరుపుకుంటూ, వాతావరణం గురించి తప్ప మరే మాటా లేకుండా ఏళ్లు గడిపాం.

నాకు మిగిలిన ఆశ మినెషిగె. తమోత్సు చేతుల్లో పడి పెరిగిన చివరి ప్రాణి అది. ఒకసారి రెండు బస్సులు మారి కేంద్రానికి వెళ్లాను. రోగాలు మోసుకొస్తారని బయటివాళ్లని కంచె దాటనివ్వరు. కంచె అవతల పొడుగాటి కొట్టం, వరసగా కిటికీలు. ఏ కిటికీ వెనక ఉందో తెలియలేదు. నిలబడి నిలబడి కాళ్లు లాగి తిరిగొచ్చాను.

మా వృత్తిలో ఒక దారుణం ఉంది. తండ్రి ఎంత గొప్పవాడో కొడుకులు చచ్చాకే తెలుస్తుంది. ఆబోతు సూదులు కొన్ని ఆవులకి వేసి, పుట్టిన దూడల్ని మేపి, కోసి, ఏ మాంసం ఎంత పలికిందో చూస్తారు. అప్పటిదాకా ఆబోతు ఊరికే కూర్చుని తింటుంది. మాంసం బాగుందా, అది బతికి వందల ఆవులకి మొగుడవుతుంది. బాగోలేదా, దాన్నీ కోస్తారు. ఇదంతా అయ్యేసరికి ఏళ్లు పడుతుంది. ఆ పరీక్ష దూడలు కొన్ని మా లోయలోనే పుట్టాయి. వాటి ముట్టెలు నిమురుతూ, మీ మాంసం బాగుండాలి తల్లీ, మీ నాన్న బతకాలి అనుకునేదాన్ని. తలుచుకుంటే నామీద నాకే అసహ్యం వేస్తుంది. కానీ అలాగే అనుకున్నాను.

ఈలోగా హత్సు ముసలిదై చూలు నిలవడం మానేసింది. అత్త దాన్ని తనే పలుపు పట్టి నడిపించుకెళ్లి అప్పగించి వచ్చింది. తర్వాత ఆ గాడి ఖాళీ. పక్క గాడిలో దాని చివరి కూతురు మియో, మినెషిగెకి చెల్లెలు.

ఫలితాలొచ్చిన రోజు సెంజి మోటారు సైకిలు మలుపులోనే ఆపి అరుచుకుంటూ పరిగెత్తుకొచ్చాడు.

"అక్కా! కినుయక్కా! మంచు పడిందే! మామూలు మంచు కాదు, తుఫాను! జిల్లా మొత్తంలో ఇలాంటిది చూడలేదంటున్నారు!"

నేను చేతిలో ఉన్న తట్ట ఎక్కడ పెట్టానో నాకే తెలియదు. బయటి దేశాల చౌక మాంసానికి సర్కారు తలుపులు తెరవబోతోందని అప్పటికే అంతా హడలిపోతున్నారు. కిలోల్లో వాళ్లతో తూగలేం, ఇక మనల్ని కాపాడేది మంచు ఒక్కటే అని రేడియోలో కూడా చెప్పారు. ఏ మేకపిల్లని చూసి నవ్వారో, దాని సూదికోసం ఇప్పుడు వరసలో నిలబడ్డారు. అత్త "ఊఁ" అని, కాలవ దగ్గరికి ముల్లంగులు కడగడానికి పోయింది. నేను వెళ్లి చూసేసరికి కడిగిన దుంపనే మళ్లీ మళ్లీ కడుగుతోంది.

మియో ఎదకి రాగానే సెంజిని పిలిచాను.

"మినెషిగెది వెయ్యి."

వాడు నోరు వెళ్లబెట్టాడు. "అక్కా, అన్నకీ చెల్లెలికీ ముడిపెట్టమంటావా? ఇప్పటికే ఈ కొండల్లో ఆవులన్నీ ఒకదానికొకటి చుట్టాలు. గుడ్డిదో కుంటిదో పుడితే నా ఉద్యోగం ఊడుతుంది."

"ఒక్కసారికి ఏమవుతుందిరా?"

"ఏమవుతుందో మీ అత్తనడుగు. కర్ర పుచ్చుకుని చెబుతుంది."

అలా ఊరందరికీ దొరికింది మాకు దొరకలేదు. ఫుమి వదిన కొట్టానికి రోజూ వెళ్లి ఆ కోడెదూడ నుదురు నిమురుతూ కూర్చునేదాన్ని. ఫుమి వదిన మంచిదే గానీ నాలుక ఊరుకోదు.

"నీ చూపులకే మా దూడ అరిగిపోతోందే! తూకం తగ్గితే నష్టం నువ్విస్తావా?"

"ఇస్తాలే, ఏడవకు."

"పెరటిచెట్టు మందుకి పనికిరాదని ఊరికే అన్నారా," అని వదిన నా పక్కన చతికిలబడింది. దూడ చెవి సవరిస్తూ, "తమోత్సుని చూసుకుంటున్నావా దీన్లో?" అంది.

అవునని చెప్పడానికి సిగ్గేసింది. కానీ అవును. ఆయనకి తోచిన జోడీ అది. లోకమంతా ఒకవైపుంటే ఆయనొక్కడే కళ్లు మూసుకుని చూసిన దూడ. ఆ రక్తంలో ఒక్క చుక్క మా ఇంట్లో ఊపిరి పీలిస్తే, వంటగదిలో అన్నం వార్చుకుంటుంటే దాని నెమరు చప్పుడు వినిపిస్తే, నాకింకేమీ అక్కర్లేదనిపించేది.

ఆ రాత్రి భోజనాల దగ్గర అత్తతో అన్నాను, మియోని అమ్మి బయటి ఆవుని కొందామని. మినెషిగె చెల్లెలని మియోకి మంచి ధర వస్తుంది. బయటి ఆవైతే మినెషిగె సూది వేయించుకోవచ్చు.

"చెట్టు నరికి కాయ కొనుక్కుంటావా?" అంది అత్త, గిన్నె దించకుండానే.

"మీ అబ్బాయి ఎంచిన దూడ సంతానం మనింట్లో లేకపోతే ఎలా అత్తయ్యా?"

"ఆవుని ప్రేమకోసం మేపరు. మియో తల్లి హత్సు. హత్సు తల్లిని, దాని తల్లిని కూడా ఈ చేత్తోనే ఈనించాను. ఈ తీగ నాది. ఎవరికోసమూ తెంపను."

తల్లి నుంచి కూతురికి సాగే వంశాన్ని మావాళ్లు తీగ అంటారు. ఆ తీగ అత్తకి ఎందుకంత ప్రాణమో నాకు తెలియకపోలేదు. ఆవిడ పుట్టిల్లు పాలికి ఆవుల్ని మేపిన కొంప. అంటే ఆవు ఎవరిదో డబ్బున్నవాళ్లది, మేపేది వీళ్లు. మొదటి దూడ ఆసామిది, రెండోది మేపినవాళ్లది, అలా వంతులవారీగా. ఎప్పుడూ మంచి పెయ్య పుట్టింది ఆసామి వంతులోనేనట. ఏడుస్తున్న పిల్ల చేతుల్లోంచి దూడని లాక్కెళ్లేవాళ్లట. నా కొట్టంలో పరాయివాడి పలుపు ఉండదు అని ఒట్టేసుకుని ఈ ఇంటికి కాపురానికొచ్చింది.

అది తెలిసి కూడా నేను గొహెయి దగ్గరికి వెళ్లాను. గొహెయి లోయ మొదట్లో ఉండే పశువుల ఆసామి. ఊరూరా ఆవుల్ని పాలికి ఇచ్చి ఉంచాడు. మొండితనంలో నేను అత్తకి ఏం తీసిపోను. ఖాళీ గాడి ఒకటుంది, ఒక ఆవునివ్వు మామా అన్నాను.

"సెత్సు ఒప్పుకుందా?" అన్నాడు గొహెయి, నమ్మలేనట్టు.

"ఒప్పుకోకపోతే నన్ను తంతుంది, నిన్ను కాదుగా."

ఆయన పడీపడీ నవ్వి, తొయో అనే ఆవుని తోలాడు. వెడల్పాటి ఒళ్లు, తిండిపోతు, బుర్ర సున్నా. గుమ్మంలో దాని పలుపు నా చేతిలో చూసి అత్త అన్నమాట ఇంకా చెవుల్లో ఉంది.

"నా చావు దాకా ఆగలేకపోయావా?"

ఆ వేసవిలోనే తొయోకి మినెషిగె సూది వేయించాను. అత్త ఆ చలికాలం గడిచేదాకా నాతో మాట్లాడలేదు. మియోకి మేత వేసేది, తొయో వైపు చూసేది కాదు. నన్నేదైనా అడగాలంటే మియోకి చెప్పేది. "మియో, ఉప్పు అయిపోయిందని ఆ మనిషికి చెప్పు." నేనూ తొయోకి చెప్పేదాన్ని. మధ్యలో ఆవులు రెండూ హాయిగా నెమరు వేసుకునేవి.

మంచు కరుగుతుండగా ఒకరోజు తెల్లవారి తొయోకి నొప్పులు మొదలయ్యాయి. ఎండ పైకొచ్చినా దూడ రాలేదు. కాళ్లు రెండూ కనిపించాయి గానీ అవి వెనక కాళ్లు. సెంజికి కబురు పెట్టినా ఆ బురద దారిలో ఎప్పటికి వస్తాడో! ఇంతలో వెనకనుంచి ఎవరో నన్ను పక్కకి తోశారు. అత్త. చేతులు మోచేతుల పైదాకా మడిచి, సబ్బునీళ్లు పోసుకుని దిగింది.

"తాడు పట్టు. అది ముక్కినప్పుడే లాగు. ముక్కనప్పుడు లాగావంటే నీ చెయ్యి విరిచేస్తా."

చలికాలమంతా ఊరుకుని మొదట అన్నమాట అది. నేను లాగాను. దూడ ఒక్కసారిగా జారి గడ్డి మీద పడింది. ఊపిరి లేదు. అత్త దాని వెనక కాళ్లు పట్టి ఎత్తింది, ముక్కులో గడ్డిపరక పెట్టి గుచ్చింది, పక్కటెముకలు రుద్దింది, నోటికొచ్చినట్టు తిట్టింది. అది తుమ్మింది.

పెయ్య. చిన్నది, మేకపిల్లంత. అత్త దాన్ని తుడుస్తూ తుడుస్తూ, మెడ దగ్గర చర్మం రెండు వేళ్లతో పట్టుకుంది. వదలలేదు. తొయో నాకడానికి మూతి పెట్టినా వదలలేదు. తర్వాత మెల్లిగా లేచి, చేతులు కూడా కడుక్కోకుండా ఇంట్లోకి పోయింది.

ఆ వేసవి నా జీవితంలో మంచి వేసవి. పెయ్య నా వెనకాలే తిరిగేది, నా కొంగు నమిలేది. అత్త నాతో మాట్లాడటం మళ్లీ మొదలుపెట్టింది, తిట్లతోనే అనుకోండి. మొదటి దూడ గొహెయి వంతని నాకు తెలుసు. పోతే పోనీ, వచ్చే ఏడాది పుట్టేది మాదే కదా, దానికి కూడా మినెషిగె సూదే వేయిద్దాం అనుకుంటూ రోజులు దొర్లించాను.

వానాకాలం చివర్లో సెంజి వచ్చాడు. మోటారు సైకిలు మెల్లిగా నడిపించుకుంటూ వచ్చాడు.

"అక్కా, మినెషిగె పోయింది. తడి గచ్చు మీద కాలు జారి పడింది. నడుము విరిగింది."

ఆ కంచె, ఆ కిటికీలు కళ్లముందు మెదిలాయి. ఒక్కసారైనా చూడలేదు. లారీ ఎక్కిన రోజు తర్వాత మళ్లీ చూడనే లేదు.

"సూదులో?" అంది అత్త గుమ్మంలోంచి.

"మిగిలినవి కేంద్రం వాళ్లు లోపల పెట్టేశారు పెద్దమ్మా. ఎంచిన మేలుజాతి ఆవులకే. తొయోలాంటి వాటికి ఇక ఇవ్వరు."

అంటే వచ్చే ఏడాది లేదు. ఈ పెయ్య ఒక్కటే. ఇది కూడా గొహెయిది.

సంతరోజులు దగ్గరపడ్డాక గొహెయి వచ్చాడు. ఈసారి నవ్వుతూ రాలేదు, బేరగాడి మొహంతో వచ్చాడు. పెయ్యని చుట్టూ తిరిగి చూసి, చర్మం పట్టి చూసి, తలాడించాడు.

నేను దారికడ్డంగా నిలబడ్డాను. "మామా, దీన్ని నాకు వదిలెయ్యి. మియో ఈసారి ఈనేది నీకిస్తాను. పెయ్యైనా సరే, కోడెదూడైనా సరే. దాని తర్వాతది కూడా ఇస్తాను."

"పిచ్చిపిల్లా, పుట్టని దూడ పలుపుకి అందుతుందా? మినెషిగె పోయాక దీని విలువ నీకు తెలీదా?"

"తెలుసు. అందుకే అడుగుతున్నా."

"చూడమ్మాయ్, బేరం బేరమే. నాకేం నీమీద పగా? కావాలంటే మియోని ఇచ్చేసి దీన్ని ఉంచుకోండి," అని తన మాటకి తనే నవ్వేశాడు. నవ్వాల్సిన మాటే. అన్న చచ్చాక మియో ధర రెట్టింపైంది. నిండు ఆవు, చూలుతో ఉంది, నాలుగు తరాల తీగ. ఈ పెయ్య తల్లి చూస్తే బుర్రలేని తొయో. ఎవరూ చెయ్యని బేరం. మియో నాది కాదు, ఇస్తాననడానికి నాకు నోరు లేదు. పెయ్య మెడ చుట్టూ చేతులేసి నిలబడిపోయాను.

వెనక గాడిలో మోకు విప్పిన చప్పుడైంది. అత్త మియోని నడిపించుకుంటూ బయటికొచ్చి, పలుపు గొహెయి చేతిలో పెట్టింది.

"తీసుకెళ్లు. నీ తొయోని కూడా. నా కొట్టంలో పరాయి పలుపు వద్దు."

గొహెయి పలుపు వైపు చూశాడు, ఆవిడ వైపు చూశాడు. "సెత్సు వదినా, హాస్యానికన్నాను."

"నాకు హాస్యాలు రావు. నీకు తెలుసు."

"లెక్క చూసుకో వదినా! ఇలాంటి తీగ ఈ లోయలో ఇంకోటి లేదు. రేపు ఊరంతా నిన్ను చూసి నవ్వుతుంది. నాకే బాధగా ఉంది, నిన్ను మోసం చేసినట్టు."

"లెక్కలు నాకు నేర్పుతావా నువ్వు?" అత్త గొంతు పెరిగింది. తర్వాత ఒక్కసారిగా తగ్గిపోయింది. "ఆవులు మళ్లీ పుడతాయి గొహెయీ. నా కొడుకు పుట్టడు."

గొహెయి తలమీది టోపీ తీసి, మళ్లీ పెట్టుకుని, తొయో మోకు కూడా విప్పి, రెండు ఆవుల్నీ తోలుకుపోయాడు. మియో మలుపు దగ్గర ఆగి వెనక్కి తిరిగి అరిచింది. అత్త చూడలేదు. నేను చూశాను. దాన్ని అమ్మేద్దామని ఒకప్పుడు అడిగింది నేనే, అయినా ఆ అరుపుకి రెండడుగులు దాని వైపు వేశాను. ఇన్నాళ్లూ నా కొడుకు అని ఆవిడ నోట వినలేదు. అది వినడానికి మియో పోవాల్సి వచ్చింది.

ఊరు నవ్వనే నవ్వింది. సెత్సుకి మతిపోయిందన్నారు. కోడలు మందు పెట్టిందన్నారు. ఫుమి వదిన మాత్రం ఒక తట్టెడు కొత్త తవుడు తెచ్చి, ఏమీ అనకుండా గుమ్మంలో పెట్టి పోయింది.

తల్లి పోయిన దగ్గర్నుంచి పెయ్య ఏడుపు మొదలుపెట్టింది. మేత ముట్టదు, నీళ్లు ముట్టదు, గుమ్మం వైపు మొహం పెట్టి అరుపే అరుపు. సాయంత్రమయ్యేసరికి దాని గొంతు బొంగురుపోయింది. నేను పొయ్యి మీద అన్నం పెట్టి, తవుడులో వేడినీళ్లు కలిపి మూతి దగ్గర పెట్టాను. తలతిప్పుకుంది. బుజ్జగించాను, నుదురు నిమిరాను. ఆ నుదుట్లో, ఆ కళ్లలో వెతికాను. ఇన్నేళ్లు దేనికోసం ఎదురుచూశానో అది ఎదురుగా ఉంది. పెయ్యే. మంచి పెయ్య. తల్లికోసం ఏడుస్తోంది. అందులో తమోత్సు లేడు. ఉంటాడని నేనెందుకనుకున్నానో!

"ఊరుకోవే, ఊరుకో తల్లీ," అని దాని నోరు మూయబోయాను.

అత్త వచ్చి గాడి పక్కన గడ్డిమోపు మీద కూర్చుంది. "దాన్ని ఏడవనీ కినుయే. మనకి చేతకానిది దానికైనా చేతనవుతోంది."

అని, రెండు చేతులతో మొహం కప్పుకుంది. ఆవిడ భుజాలు అదరడం నేనెప్పుడూ చూడలేదు. వెళ్లి పక్కన కూర్చున్నాను. నా చెయ్యి పట్టుకుని, "చలికాలంలో వాడికి కాళ్లు పగిలేవే. ఆ ఏడు మేజోళ్లు అల్లి పెట్టలేదే, వాడి మాటే నెగ్గిందన్న కోపంతో," అంది. అంతే, ఇక నా వల్ల కాలేదు. ఇద్దరం ఏడ్చాం, పెయ్యతో పోటీపడి, సిగ్గూ రోషం వదిలేసి, ఇన్నేళ్లకి. వంటగదిలోంచి అన్నం మాడిన వాసన వస్తున్నా ఎవరం లేవలేదు.